లీటరుకు ఎన్ని స్పూన్లు?

తిరుపతి పక్కన గాజులమండ్యం, రేణిగుంట వైపు లోహాన్ని ఒత్తే ప్రెస్సు షెడ్లలో ఒక ప్రశ్న తరచూ వినిపిస్తుంది: "అన్నా, మోలీ పొడి లీటరు నూనెకి ఎన్ని స్పూన్లు ఎయ్యాల?" అప్పటికే డై (లోహానికి రూపం ఇచ్చే అచ్చు) మీద గీతలు పడి ఉంటాయి. లోహాన్ని అందులోకి నొక్కే పంచ్ పట్టేసి ఉంటుంది. చెన్నై ప్యారీస్ బజారు నుంచి మాలిబ్డినం డైసల్ఫైడ్, అంటే మోలీ, డబ్బా ఒకటి బస్సులో వచ్చి ఉంటుంది. ఇక మిగిలింది కొలత ఒక్కటే అన్నట్టుగా అడుగుతారు. ఒకరు మూడు అంటారు, ఇంకొకరు ఐదు అంటారు. వారం తర్వాత నూనె నల్లబడుతుంది, డై మీద గీతలు మాత్రం అలాగే ఉంటాయి. "పొడి డూప్లికేటు న్నా" అని డబ్బాను మూలన పెట్టేస్తారు.

పొడి మంచిదే. నా దృష్టిలో తప్పు ప్రశ్నలోనే ఉంది. ఘన కందెన (రాపిడి తగ్గించే పొడి) అంటే నూనెలో వేసే మందు కాదు, లోహానికి వేసే పూత. గ్రాఫైటు, మోలీ, సబ్బు పొడి, ఏదైనా సరే లోహానికి అంటుకుంటేనే పని చేస్తుంది. అంటుకోని పొడి ఎంత ఖరీదైనదైనా నూనెలో మురికే. ఆ డబ్బా మీద పెట్టే డబ్బులో సగం కడగడానికీ ఆరబెట్టడానికీ పెడితే, అంతకంటే చవకైన పొడితోనే పని జరిగిపోతుంది.

రాత్రి డబ్బాలో జరిగేది

మోలీ సాంద్రత దాదాపు 4.8, నూనెది 0.9. ఇంత తేడా ఉన్నప్పుడు పొడి కిందికి దిగకుండా ఉండదు, ఎంత వేగంగా దిగుతుందన్నదే లెక్క. 100 గ్రేడు (గ్రేడు అంటే చిక్కదనం) నూనెలో 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువును గుండ్రంగా ఉందనుకుని లెక్క వేస్తే గంటకు సుమారు 2 మిల్లీమీటర్లు దిగుతుంది. అంటే సాయంత్రం ఆరుకి ప్రెస్సు ఆపి పొద్దున ఆరుకి మొదలుపెట్టేసరికి పైన రెండు సెంటీమీటర్లకు పైగా నూనెలో పొడి ఉండదు. 22 గ్రేడు పలుచటి నూనెలో ఇదే దాదాపు అయిదింతలు, గంటకు సుమారు ఒక సెంటీమీటరు. నూనె గ్రేడును కొలిచేది 40 డిగ్రీల దగ్గర. మే నెలలో మన షెడ్లలో నూనె ఉండేదీ ఆ వేడి మీదే కాబట్టి ఈ లెక్క కాగితం మీది లెక్క కాదు. రేణువు 1 మైక్రాన్ అయితే వేగం 25 వంతులు తగ్గుతుంది, రోజుకు రెండు మిల్లీమీటర్లే. అసలు రేణువులు గుండ్రంగా కాక రేకుల్లా ఉంటాయి కాబట్టి ఇంకాస్త నెమ్మదిగా దిగుతాయి, నిజమే. కానీ స్పూనుతో వేసి కర్రతో కలిపిన పొడి విడివిడి రేణువులుగా ఉండదు, ముద్దలుగా ఉంటుంది. ఆ ముద్దలే ఫిల్టరులోనూ స్ప్రే నాజిల్‌లోనూ ఇరుక్కునేది.

అడుగుకు చేరడం ఒక్కటే అయితే కలిపేందుకు మోటారు పెట్టి సరిపెట్టుకోవచ్చు. అసలు చిక్కు ఇంకోటి ఉంది. లోహాన్ని సాగదీసేటప్పుడు వాడే డ్రాయింగు నూనెల్లో ఉండే కొవ్వు ఆమ్లాలు, గంధకపు రసాయనాలు లోహానికి ముందే అతుక్కుని పొరగా పరుచుకుంటాయి. పొడి వచ్చేసరికి చోటు ఉండదు. తడిగోడ మీద సున్నం రాలిపోయినట్టు నూనె పొర మీద పొడి జారిపోతుంది. పంచ్ మొనలో ఒత్తిడి పెరిగి నూనె పక్కకు పిండుకుపోయినప్పుడు అదే చోట పొడి లోహాన్ని పట్టుకుని ఉండాలి. నూనెతోపాటు అదీ కొట్టుకుపోతే లోహం లోహాన్ని రాసుకుంటుంది, గీత పడుతుంది.

బేరింగుకూ లోహపు పనికీ తేడా కూడా ఇక్కడే. బేరింగులో ఉన్న ఉపరితలమే ఉంటుంది. చల్లగా ఒత్తి ఒక గిన్నెలా సాగదీసేటప్పుడు అప్పటిదాకా లేని కొత్త లోహం క్షణంలో బయటపడుతుంది, విస్తీర్ణం కొన్ని రెట్లు అవుతుంది. ఆ కొత్త చోటికి కందెన బయటి నుంచి వచ్చే దారి లేదు. ముందే అతుక్కుని ఉన్న పొర సాగి దాన్ని కప్పాలి.

సున్నంలో జారుడు ఎక్కడుంది?

ఈ మాటకు సాక్ష్యం కావాలంటే ఇనుప తీగ లాగే చోటికి వెళ్లి చూడండి. రాడ్డును ఆమ్లంలో ముంచి పొలుసు (పైన పట్టిన ఆక్సైడు) తీస్తారు, కడిగి వేడి సున్నపు నీళ్లలోనో వెలిగారం (బొరాక్సు) నీళ్లలోనో ముంచి ఎండబెడతారు. తర్వాత డై ముందున్న పెట్టెలో సబ్బు పొడి గుండా తీగను లాగుతారు. సున్నంలో జారే గుణం ఏముంది? ఏమీ లేదు. అది గరుకుగా తీగ మీద పట్టి సబ్బు పొడిని చేయి పట్టుకుని డై లోపలికి తీసుకుపోతుంది, అంతే. ఆ గరుకు పొర లేకపోతే ఎంత మంచి స్టియరేటు సబ్బు అయినా డై నోటి దగ్గరే ఆగిపోతుంది. జారుడు లేని వస్తువు జారే వస్తువుకు కాళ్లు ఇస్తోంది. ఘన కందెన అంటే ఏమిటో ఈ ఒక్క దృశ్యం చెప్పినంత చక్కగా ఏ డబ్బా మీది రాతా చెప్పదు.

ఆ సబ్బు పెట్టెలో జరిగే ఒక చిన్న తప్పు చూడండి. పొడి నిండుగా ఉంటుంది, తీగ మాత్రం మెరుస్తూ వట్టిదై బయటకు వస్తుంది. పెట్టె తెరిచి చూస్తే పొడి గట్టిపడి, దాని మధ్యలో తీగ తన మందాన సొరంగం చేసుకుని ఉంటుంది. చుట్టూ కిలోల కొద్దీ సబ్బు, తీగకు తగిలేది శూన్యం. పొడిని కదిలిస్తూ ఉండాలి. ఉండలు కడితే జల్లించాలి, తేమ తగిలి ఉంటే మార్చాలి. సోడియం సబ్బు ఎక్కువ వేడికి ఓర్చుకుంటుంది, తర్వాత నీళ్లతో కడిగితే పోతుంది, కానీ తేమ పీలుస్తుంది. కాల్షియం సబ్బు తేమకు అంతగా లొంగదు, కానీ త్వరగా మెత్తబడుతుంది, కడిగితే పోదు. తీగ మీద తర్వాత పూత వేయాలా, వెల్డింగుకు పోవాలా అన్నదాన్ని బట్టి ఎంచుకోవలసింది ఇది.

వెలిగారం విషయంలో మనకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక అవసరం. అది గాలిలోని తేమను పట్టి మళ్లీ స్ఫటికంగా మారుతుంది, పొర పొడిపొడిగా రాలుతుంది. మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఏప్రిల్‌లో వారం రోజులు నిలవ పెట్టినా బాగున్న రాడ్డు నవంబరులో రెండో రోజుకే పాడవుతుంది. ఆ మూడు నెలలు పూత వేసిన రాడ్డును ఆ రోజే లాగేయడం మేలు.

పొరలుంటే చాలదు

గ్రాఫైటు, మోలీ జారడానికి కారణం వాటి పొరల నిర్మాణమని అందరూ చెబుతారు. సగం నిజం. గూడూరు అభ్రకాన్ని చూడండి. గోటితో గీరితే కాగితంలా పొరలు వస్తాయి. అయినా దాన్ని కందెనగా వాడితే గ్రాఫైటు దరిదాపులకు రాదు. దాని పొరల మధ్య పొటాషియం కూర్చుని రెండు వైపులా పట్టి ఉంచుతుంది. మోలీలో పొరకూ పొరకూ మధ్య గంధకం గంధకాన్నే చూస్తూ ఉంటుంది, పట్టు బలహీనం, కాబట్టి జారుతుంది.

గ్రాఫైటు కథ ఇంకో రకం. దాని పొరలు జారాలంటే గాలిలో తేమ కావాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో చాలా ఎత్తున ఎగిరిన విమానాల్లో జనరేటర్ల కార్బన్ బ్రష్షులు ఉన్నట్టుండి పొడిపొడిగా అరిగిపోయాయి. పైన గాలిలో తేమ లేకపోవడమే కారణం. మోలీకి దీనికి పూర్తిగా వ్యతిరేకం. పొడి గాలిలో, శూన్యంలో బాగా జారుతుంది, తేమలో రాపిడి పెరుగుతుంది. పొడి వాతావరణంలో రాపిడి గుణకం 0.05 దగ్గర ఉండేది తేమ గాలిలో 0.15 దాకా పోవచ్చు. శూన్యంలో తిరిగే ఉపగ్రహాల కీళ్లకు మోలీని ఎంచుకునేది అందుకే. శ్రీహరికోట మనకు దగ్గరే అయినా మన షెడ్డు మాత్రం శూన్యంలో లేదు. వానాకాలం తేమలో తెరిచి ఉంచిన డైకి మామూలు గ్రాఫైటు చాలినచోట మోలీకి అంతకంటే ఎక్కువ డబ్బు పోయడంలో అర్థం కనిపించదు.

వేడి సంగతీ అంతే. గాలి తగులుతుంటే మోలీ 350–400 డిగ్రీల దగ్గర ఆక్సైడుగా మారడం మొదలవుతుంది. గ్రాఫైటు 450–500 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. తెల్లగా ఉండే బోరాన్ నైట్రైడు 900 దాటినా నిలుస్తుంది, ధర కూడా అలాగే నిలుస్తుంది. ఈ అంకెలు చూసి 1200 డిగ్రీల ఉక్కును గ్రాఫైటుతో ఫోర్జింగ్ (కాల్చి డైలో కొట్టి మలచడం) ఎలా చేస్తారని అడగవచ్చు. ముద్ద డైకి తగిలి ఉండేది అతి కొద్ది సమయం, అప్పుడు అక్కడ గాలి కూడా ఉండదు. కాలిపోయేలోపు దెబ్బ అయిపోతుంది. ఉక్కు గొట్టాలను వేడిగా తోసేచోట మాత్రం తగిలి ఉండే సమయం ఎక్కువ. అక్కడ 1940ల్లో ఫ్రాన్సులో సెజూర్నే అనే ఆయన గాజు పొడి వాడాడు. ఆ వేడికి గాజు కరిగి పాకంలా మారి కందెన అవుతుంది.

ముగ్గుకు ముందు కళ్లాపి

కళ్లాపి చల్లని వాకిట్లో ముగ్గు వేస్తే గాలికే పోతుంది. పొడి పూత కూడా అంతే. డైకో పంచ్‌కో చేత్తో మోలీ పట్టించాలంటే వరస ఇది. ముందు నూనె పూర్తిగా పోవాలి. పోయిందో లేదో తెలియాలంటే మంచినీళ్లు చిలకరించండి. నీరు ఒకే పొరగా పరుచుకుని ముప్పై సెకన్లు నిలిస్తే శుభ్రమైనట్టు. తామరాకు మీద నీళ్లలా బొట్లు కడితే నూనె ఇంకా ఉంది. తర్వాత ఆరబెట్టి, సన్నని గ్రిట్ బ్లాస్టింగో 220 నంబరు ఎమరీయో చేసి కాస్త గరుకు తేవాలి. అద్దంలా మెరిసే ఉపరితలం మీద పొడికి పట్టు దొరకదు. మరీ గరుకైతే శిఖరాలు పొరను చీల్చుకుని బయటికి వస్తాయి. సగటు గరుకు అర మైక్రాన్ నుంచి ఒక మైక్రాన్ దాకా ఉంటే బాగుంటుంది. అప్పుడు పొడిని చిటికెడు వేసి తోలు ముక్కతో గట్టిగా రుద్దాలి. నలుపు పోయి సీసం లాంటి మెరుపు వచ్చేదాకా రుద్ది, మిగిలింది ఊదేయాలి. మిగిలే పొర ఒకటి రెండు మైక్రాన్లు, కంటికి మందం కనిపించదు. "ఇంత తక్కువా?" అనిపిస్తుంది. మందంగా వేస్తే డై మూలల్లో పొడి ఇరుక్కుని వస్తువు అంచులు నిండవు.

చల్లటి ఉక్కును తోసి బోల్టులు, గొట్టాలు చేసేచోట చేతి రుద్దుడు చాలదు. అక్కడ 1934లో జర్మనీలో ఫ్రిట్జ్ సింగర్ పేటెంటు తీసుకున్న పద్ధతే ఈనాటికీ పెద్దన్న: జింకు ఫాస్ఫేటు పూత, దాని మీద సబ్బు. ముందు క్షారంతో 70–80 డిగ్రీల దగ్గర పది నిమిషాలు నూనె తీయాలి, కడగాలి. ఆమ్లంలో పొలుసు పోయేదాకా ఉంచాలి, రెండుసార్లు కడగాలి. ఫాస్ఫేటు తొట్టిలో 70–80 డిగ్రీల దగ్గర అయిదు నుంచి పది నిమిషాలు ఉంచితే చదరపు మీటరుకు 5 నుంచి 15 గ్రాముల పూత పడుతుంది. మళ్లీ కడిగి, మిగిలిన ఆమ్లాన్ని తటస్థం చేసి, సోడియం స్టియరేటు సబ్బు నీళ్లలో 70–80 డిగ్రీల దగ్గర మూడు నాలుగు నిమిషాలు ఉంచాలి. ఈ సబ్బు ఊరికే పైన పేరుకోదు. పూతలోని జింకుతో కలిసి జింకు స్టియరేటుగా మారి పునాదిలోకి వేరు తన్నుతుంది. తర్వాత వేడిగాలికి ఎండాలి.

ఇందులో తప్పు జరిగేది ఎక్కువగా కడగడంలోనే. ఫాస్ఫేటు తొట్టి ఆమ్లం కాస్త సబ్బు తొట్టిలోకి వచ్చిందంటే సబ్బు విరిగిపోతుంది, అచ్చం పాలు విరిగినట్టే. తెల్లని ముక్కలు తేలతాయి, కింద నీళ్లు పలచబడతాయి. ఇంకో శత్రువు మన బోరు నీళ్లు. ఉప్పు, సున్నం ఉన్న గట్టి నీళ్లలో సబ్బు ముందు ఆ సున్నంతో కలిసి మడ్డిగా తేలుతుంది. సబ్బు తొట్టికీ చివరి కడుగుకూ మెత్తబరచిన నీళ్లే వాడాలి. ఫాస్ఫేటు తొట్టి అడుగున బూడిద రంగు మడ్డి పేరుకోవడం మామూలే, దాన్ని వారానికోసారి తీయకపోతే వేడి కడ్డీల మీద గట్టిపడి కూర్చుంటుంది. పూత సరిగ్గా వచ్చిందో లేదో గోరే చెబుతుంది. గోటితో గీస్తే మైనం మీద గీసినట్టు మెరిసే చార పడాలి. తెల్లని పొట్టు రాలితే సబ్బు కలవలేదు, పైపైన ఎండిందంతే.

స్టెయిన్‌లెస్ స్టీలుకు ఫాస్ఫేటు పట్టదు, ఆక్సలేటు పూత కావాలి. అల్యూమినియం బిళ్లలను మాత్రం జింకు స్టియరేటు పొడితో డ్రమ్ములో దొర్లిస్తే చాలు.

నూనెలో కలిపినా పనిచేసే చోట్లు

నా వాదానికి ఎదురు చెప్పేవాళ్ల దగ్గర బలమైన ఉదాహరణలే ఉన్నాయి. మోలీ గ్రీజు లారీ కీళ్లలో దశాబ్దాలుగా పనిచేస్తోంది. అయితే గ్రీజు చిక్కనిది, పొడి దిగదు. సుమారు మూడు శాతం ఉండేలా ఫ్యాక్టరీలో మరపట్టి కలుపుతారు. కీలు నెమ్మదిగా ఆడుతూ ఆ పొడిని తానే లోహానికి రుద్దుకుంటుంది. ఆ రుద్దుడే అక్కడ పూత వేసే పని. ట్యాపు (రంధ్రంలో మర కోసేది), రీమరు (రంధ్రాన్ని సరిచేసేది) లాంటి నెమ్మదైన కోతల్లో పేస్టు పనిచేసేదీ ఇందుకే. లేత్ మీద వేగంగా కోసేటప్పుడు మాత్రం కోసిన లోహపు రజను పనిముట్టుకు అతుక్కుపోయినట్టు ఒత్తుకుని ఉంటుంది. మధ్యలోకి రేణువు దూరదు, పొడి కలిపిన కూలెంటు వట్టి ఖర్చు.

వేడి ఫోర్జింగులో గ్రాఫైటును నీళ్లలోనే కలిపి డై మీద చల్లుతారు. ఇదీ నిజమే. కానీ చూడండి, అక్కడ నీరు పల్లకీ మోసే బోయీ మాత్రమే. డైని 150–250 డిగ్రీలకు ముందే వేడిచేసి ఉంచుతారు, నీరు చప్పున ఆవిరై గ్రాఫైటు పొర మిగులుతుంది. డై చల్లగా ఉంటే నీరు మడుగు కట్టి పొడిని అడుగుకు కడిగేస్తుంది. మరీ కాలితే ఎర్రగా కాగిన దోసె పెనం మీద నీళ్లు చిలకరించినట్టే, బొట్లు గుండ్లలా దొర్లి పారిపోతాయి, ఒక్క రేణువూ అంటదు. ఫోర్జింగు బాగా రాలేదని గ్రాఫైటు పాళ్లు పెంచేముందు డై వేడిని కొలవాలి. చాలాసార్లు జబ్బు అక్కడే ఉంటుంది.

పూత మీద నాకూ కొన్ని బెరుకులు ఉన్నాయి. వేసినదాన్ని తీయడం వేయడమంత కష్టం. చాలా బలమైన 12.9 గ్రేడు బోల్టులను ఫాస్ఫేటు తీయకుండా హీట్ ట్రీట్‌మెంటుకు పంపితే ఫాస్ఫరస్ ఉక్కులోకి దిగి అంచు పెళుసవుతుంది. మోలీ మిగిలిన నికెల్ మిశ్రమాన్ని కాలిస్తే గంధకం పని చెడగొడుతుంది. గ్రాఫైటు అంటిన అల్యూమినియం తడిస్తే తుప్పు గుంటలు పడతాయి. గ్రాఫైటు దుమ్ము కరెంటును మోస్తుంది కాబట్టి స్టార్టరు ప్యానెల్ పక్కన జల్లెడ పట్టకూడదు. ముక్కుకు మాస్కు లేకుండా ఏ పొడినీ ఊదకూడదు.

ఇంకొకటి, చవక గ్రాఫైటులో ఇసుక ఉంటుంది. రెండు గాజు పలకల మధ్య చిటికెడు వేసి గట్టిగా రుద్దండి, తుడిచి వెలుతురులో పెట్టి చూడండి. గాజు మీద గీతలు పడితే ఆ పొడి మీ డైని కాపాడదు, సానపెడుతుంది.

రెండు రింగులు

పొడి మంచిదా, పద్ధతి మంచిదా అన్న వాదన తేల్చుకోవడానికి ల్యాబు అక్కర్లేదు. 1960ల్లో మేల్, కాక్రాఫ్ట్ అనే ఇద్దరు వాడుకలోకి తెచ్చిన రింగు పరీక్ష చాలు. మెత్తబరచిన అల్యూమినియం నుంచి బయటి వ్యాసం 18, లోపలి వ్యాసం 9, ఎత్తు 6 మిల్లీమీటర్లుగా రింగులు లేత్ మీద తీయించండి. గట్టిపరచిన, సమాంతరంగా ఉన్న రెండు పలకల మధ్య పదిటన్నుల ప్రెస్సులో పెట్టి ఎత్తు 3 మిల్లీమీటర్లకు వచ్చేదాకా నొక్కండి. రాపిడి అసలు లేకపోతే రంధ్రం 9 నుంచి 12.7కు పెరగాలి. రాపిడి ఎక్కువయ్యేకొద్దీ లోహం లోపలికి నెట్టుకొచ్చి రంధ్రం మూసుకుపోతుంది. వేగం, వేడి మీ అసలు పనిలో ఉన్నట్టు ఇక్కడ ఉండవు కాబట్టి అంకెను పట్టుకుని ఊరేగనక్కర్లేదు, పోలికకు మాత్రం ఇది నమ్మకమైనది.

ఒక రింగుకు, పలకలకు మామూలుగా నూనె రాసి దాని మీద మోలీ చల్లండి. రెండో రింగునూ పలకలనూ కడిగి, నీళ్ల పరీక్ష చేసి, ఆరబెట్టి, అదే మోలీని అందులో పదో వంతు తీసుకుని తోలుతో రుద్దండి. రెండూ ఒకే ఎత్తుకు నొక్కి, రంధ్రాలను వెర్నియర్‌తో నాలుగు వైపులా కొలిచి, సగటు తీసి పక్కపక్కన రాసుకోండి. స్పూన్ల లెక్క ఆ తర్వాత అడగండి.